కిందినుంచి మూడో మెట్టు

బేతంచెర్ల స్టేషన్‌లో నలుగురం దిగాం. సమయం ఉదయం ఐదున్నర. సుబేదారు, గజ ఈతగాడు, వైర్‌లెస్ ఆపరేటరు, నేను. మూడు ఇనుప పెట్టెల్లో రోబో. నీళ్లు నిండిన నాపరాయి క్వారీల్లో అది తనంతట తానే దారి వెతుక్కోగలదా అని పది రోజులు చూసి రమ్మని ఆర్డరు. గట్టు మీది తెరకు బొమ్మలు పంపడానికి సన్నని తీగ ఉంది. నడక మాత్రం దానిదే. నాది ఆత్మకూరు. భాష తెలుసని నన్ను వేశారు.

ఎండ దంచేస్తోంది. రాతిపొడితో నీళ్లు మజ్జిగలా ఉన్నాయి. జానెడు దూరం కనబడదు. రోబో శబ్దం వదిలి, అది తిరిగొచ్చే తీరును బట్టి గోడలు గుర్తుపట్టేది.

నాలుగో రోజు తొమ్మిదింటికి పక్క క్వారీ మేస్త్రి వచ్చాడు. తడిసి ఉన్నాడు. ఒంటినిండా తెల్లటి పొడి.

"తమ్ముడు మునిగినాడు సార్. మోటారు పైపు మూడో మెట్టు కాడ ఇరుక్కోనుండాది. ఇడిపిస్తానని దిగినాడు. అరగంటాయ, శానా వెతికినాం."

ఈతగాడు దిగబోతే సుబేదారు ఆపారు. లోపల ఊగే బండలున్నాయి. ముందు రోబో చూడాలన్నారు.

క్వారీ గోడల్ని మెట్లుమెట్లుగా కోస్తారు. నీళ్లలో ఆరు మెట్లు. రోబోకు మూడోది చెప్పాను. వెళ్లి ఉత్తినే వచ్చింది. మళ్లీ పంపాను. మళ్లీ అంతే. పదకొండున్నర అయింది. గట్టు మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. బిడ్డను చూడందే లేవనంటోంది.

"నీ చేప దారి తప్పింది," అన్నారు సుబేదారు.

నాకూ అదే అనుమానం. మెట్లన్నీ ఒకే కొలత. మేస్త్రిని అడిగాను: "అన్నా, మూడోదని యాడనుంచి లెక్కబెట్టినావు?"

"కిందినుంచే. రాయి మోసుకోని ఎక్కేటోళ్లం, ఇంకెట్ల లెక్కబెడ్తామప్పా?"

అంటే పైనుంచి నాలుగోది. రెండు గంటలుగా ఒక్క మెట్టు పైన వెతికాం. రోబో చెప్పిన చోటికే వెళ్లింది. ఈ సీమలో పుట్టి ఆ ఒక్క మాట అడగనిది నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

పన్నెండింటికి రోబో బాగా దగ్గరికి చేరాక తెర మీద పైపు కనబడింది. ఆ పక్కనే తమ్ముడి ముఖం. మేస్త్రి అరచేత్తో తెర మూసేశాడు.

"అమ్మ చూస్తాది," అన్నాడు.

ఈతగాడు దిగి ఒంటిగంటలోపు పైకి తెచ్చాడు. అప్పుడు లేచింది ఆమె.

మర్నాడు వైర్‌లెస్‌లో ఒకటే మాట: "సామాను కట్టండి." రోబో పనితీరు సంతృప్తికరం అని రిపోర్టు రాశాను. అది నిజమే. యూనిట్‌లో పెట్టె తెరిస్తే, తెర మీద రాతిపొడి చెయ్యి అలాగే ఎండి ఉంది. స్టోరు హవల్దారు తడిగుడ్డతో తుడిచి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

రిటైరై మూడేళ్లయింది. ఇంట్లో ఎవరి ఫోను వెలిగినా, ముందు నాకు కనబడేది ఆ తెల్లటి ఐదు వేళ్లే.