స్క్రూ తీసేసిన పదకొండు రోజులు

మా ఆయన్ని పనిచోట పాదరసం అంటారు. కుదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి కాదు, కంచం చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే కొట్లో మొదలుపెట్టి, మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌లు బాగుచేసేదాకా వచ్చాడు. డ్రైవ్ ఆపినా లోపల కరెంటు నిల్వ ఉంటుంది, ఐదు నిమిషాలు ఆగి మూత తియ్యమని దాని మీదే రాసి ఉంటుంది. ఆ ఐదు నిమిషాలూ ఆయనకు జైలే. కరెంటు పనుల భద్రతా ప్రమాణాల పుస్తకాన్ని పిరికివాళ్ల గ్రంథం అనేవాడు.

ఆయన పనిచేసే ప్రెస్సులోనే కాగితం కోసే మెషిన్ మీద నా పని. కట్ట సర్ది, చెయ్యి తీసి, పెడల్ తొక్కితే బ్లేడు దిగుతుంది. చెయ్యి లోపలుంటే సెన్సర్ ఆపాలి. మెషిన్‌కు కొత్త డ్రైవ్ పెట్టిన దగ్గర్నుంచి, ఎర్త్‌లోకి కరెంటు కారితే సరఫరా ఆపేసే బ్రేకర్ రోజుకు నాలుగుసార్లు పడిపోయి హాలంతా ఆగిపోయేది. సూపర్‌వైజర్ మా ఆయన ప్రాణం తోడేశాడు.

డ్రైవ్ పనిచేస్తుంటే పుట్టే విద్యుత్ రొదను లోపలి ఫిల్టర్ ఒక చిన్న స్క్రూ గుండా ఎర్త్‌లోకి పంపేస్తుంది. ఆ కాస్త కరెంటుకే మా బ్రేకర్ బెదిరిపోతోంది. డ్రైవ్‌కు సరిపడే బ్రేకర్ రావాలంటే వారం పడుతుంది. ఈయన వారం ఆగే రకమా? స్క్రూ ఊడదీశాడు. బ్రేకర్ మళ్లీ పడలేదు. సూపర్‌వైజర్ భుజం తట్టాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం వేరే ఫ్యాక్టరీలో తూకం యంత్రం పిచ్చి అంకెలు చూపిస్తోందని పిలిస్తే వెళ్లాడు. పక్కనున్న డ్రైవ్‌లో ఎవరో ఇలాగే స్క్రూ తీసేశారు. ఎర్త్‌లోకి దారిలేని రొద తూకం తీగల్లో దూరింది. మా సెన్సర్ తీగ కూడా డ్రైవ్ పక్కనుంచే పోతోందని, రొద అందులో దూరితే చెయ్యి లోపలున్నా బ్లేడు కదలొచ్చని ఆయనకు అప్పుడు తట్టిందట. నాకు ఫోన్ చేస్తే పనిలో ఉండి చూసుకోలేదు.

పరుగున వచ్చి, ఎవరినీ అడక్కుండా మెయిన్ స్విచ్ కట్టేశాడు. సూపర్‌వైజర్ చిందులు తొక్కాడు. స్క్రూ తీసింది తనేనని మా ఆయన అందరి ముందూ ఒప్పుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"చెయ్యి లోపలుండగా బ్లేడు ఎప్పుడైనా కదిలిందా?"

"రెండుసార్లు. కొంచెం దిగి ఆగింది."

"మరి చెప్పలేదేం?"

"నా కాలే పెడల్ మీద పడిందనుకున్నా. చెప్తే మెషిన్ మీంచి తీసేస్తారని భయం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకుంటూ, కాలు వెనక్కి లాక్కుంటూ పనిచేశాను.

వారం మెషిన్ ఆపి ఉంచాక కొత్త బ్రేకర్ వచ్చింది. స్క్రూ దాని చోట బిగించి, సెన్సర్ తీగను డ్రైవ్‌కు దూరంగా వేసి, ఇక మొదలెట్టమన్నారు. నేను కదల్లేదు.

"సెన్సర్ తీగలో రొద ఇంకా ఉందేమో కొలిచి, కాగితం మీద రాసి, సంతకం పెట్టు. మొగుడివని నమ్మి చెయ్యి పెట్టను," అన్నాను.

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ పిరికివాళ్ల గ్రంథం తెప్పించి, వేలు పెట్టి ఒక్కో వాక్యమూ చదువుతూ కొలిచాడు. మూడుసార్లు కొలిచీ సంతకం పెట్టలేదు. నా చేతికి బదులు అట్టముక్క ఒకటి బ్లేడు కింద పెట్టి, నన్ను పక్కకు జరగమని, మెషిన్ ఆన్ చేసి, బ్లేడు కదులుతుందేమోనని సాయంత్రం దాకా చూస్తూ నిలబడ్డాడు.