పద్మ నా చేతి ముద్ద మానేసిన ఏడాది

ఆ రోజు మధ్యాహ్నం జొన్న సంగటిలో నెయ్యి కలిపి ముద్ద పెట్టబోతే, నాలుగేళ్ల నా కూతురు పద్మ పెదవులు బిగించేసింది. "ఆకలి కాలేదుమా" అంది. అలిగిందనుకున్నాను. పది రోజులకు దాని వెండి మొలతాడు నడుం మీద నిలవక జారిపోతుంటే భయం పుట్టింది.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. గోడకు అవతలి ఇంట్లో మా మరిది భార్య ఓబులమ్మ ఉండేది. ఆ వేసవిలో మా ఇద్దరికీ వారం తేడాతో కొడుకులు పుట్టారు. నా బిడ్డ పదకొండో రోజున పోయాడు. వాళ్ల బిడ్డ ఏడుపు గోడ దాటి వినిపిస్తే నాకు కడుపు మండేది. ఎవరికీ చెప్పలేదు. వంట చేస్తూనే ఉన్నాను గానీ నేను తిన్నదీ లేనిదీ ఎవరూ అడగలేదు.

ఒకరోజు పద్మను వెతుక్కుంటూ వెళ్తే, ఓబులమ్మ దగ్గర కూర్చుని చక్కగా తింటోంది. కొడుకు చాలక నా కూతురు కూడా ఈమెకే కావాలా అనిపించింది. పిల్లను చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఇక ఆ గడప తొక్కవద్దన్నాను. ఆ తర్వాత అది ఎవరి చేతి ముద్దా తినలేదు.

మా ఆయన మమ్మల్ని కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బ్లడ్ టెస్టు, మోషన్ టెస్టు, ఎక్స్‌రే అన్నీ అయ్యాయి. "ప్రైమరీ కాంప్లెక్స్, అంటే పిల్లలకొచ్చే టీబీ లేదు, ఎక్స్‌రే క్లియర్‌గా ఉంది" అని లేడీ డాక్టరు టానిక్ రాసింది. వారం వార్డులో ఉన్నా వెయిట్ పెరగకపోగా ఇంకా తగ్గింది.

ఎనిమిదో రోజు ఓబులమ్మ సద్దిమూటతో వచ్చింది. పద్మ ఆమె చేతి ముద్దలు గబగబా తింటుంటే చూడలేకపోయాను. "దీని తల్లి సచ్చిందనుకుంటివా?" అన్నాను. పద్మ నమలడం ఆపేసింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు అది చూసింది. మంచం మీద కూర్చుని, "అమ్మ పెడితే ఎందుకు తినవు?" అని అడిగింది.

"అమ్మ నాకు పెడతా ఏడుస్తాంటాది. అమ్మ తినదు" అంది పద్మ.

డాక్టరు నన్ను కూడా వెయింగ్ మిషన్ ఎక్కించింది. ముల్లు చూసి, "పిల్లవాడు పోయిన సంగతి మీ ఆయన చెప్పాడు. దాని గురించి ఎవరితోనైనా మాట్లాడావా అమ్మా?" అంది. అడ్డంగా తలూపాను. "పద్మకు టానిక్ ఆపుదాం. ముందు నువ్వు తినాలి, తన ముందే తినాలి. మనసులోది ఎవరికో ఒకరికి చెప్పు."

వరండాలో ఓబులమ్మకే చెప్పాను. "నీ కొడుకును చూస్తే నాకు కడుపు మండుతాండాది."

"తెలుసులేక్కా" అంది. "అందుకే వాణ్ని గేటు కాడ మా అమ్మకిచ్చి ఒక్కదాన్నే లోపలికొచ్చినా."

ఇద్దరం ఏడ్చాం. ఆ పూట పద్మతో ఒకే పళ్లెంలో నేను నాలుగు ముద్దలు తిన్నాను. అది రెండు తింది.

అంతటితో బాగుపడిపోలేదు. ఏడాది తిరిగి నా బిడ్డ చనిపోయిన నెల వచ్చినప్పుడు నేను మళ్లీ తిండి మానేశాను, పద్మ కూడా మూడు రోజులు ముట్టలేదు. అప్పుడు ఓబులమ్మే వచ్చి ఇద్దరికీ వడ్డించింది.

ఇప్పుడు పద్మ బడికి పోతోంది, అడిగి పెట్టించుకుంటోంది. ఓబులమ్మ కొడుకు కొత్త చొక్కా వేసుకుని వస్తే నాకు ఇప్పటికీ లోపల చురుక్కుమంటుంది. ఆ మాట ఆమెతోనే అనేస్తాను. మీ పిల్లలు తినడం మానేస్తే తప్పక డాక్టరుకు చూపించండి. దాంతోపాటు, వాళ్ల తల్లి కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో కూడా అడగండి.