కారణం గడిలో నా పేరు

2023 మార్చి. నర్సంపేట దాటి అడవిలోకి మళ్ళే దారిలో బోడగుట్టపల్లె అని ఒక ఊరు. పేరు మార్చాను, ఊరు మాత్రం అక్కడే ఉంది. దాని వెనక గుట్ట, గుట్ట చుట్టూ టేకు, తునికి, ఇప్ప చెట్లు. అదంతా నా బీట్. బీట్ అంటే ఒక ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ కాపలా కాయాల్సిన అడవి ముక్క. ముక్క అన్నది మ్యాపు చూసినవాళ్ళ మాట, నడిచినవాళ్ళది కాదు.

మాది పరకాల. నాన్నకు ఎరువుల దుకాణం. ఉద్యోగం వచ్చేదాకా నాకు తెలిసిన అడవి టౌన్‌లో సుబేదారిలో నా అద్దెగది కిటికీకి అడ్డం పడిన వేపచెట్టు ఒక్కటే. పరీక్ష రాశాను, యూనిఫాం వచ్చింది. నేను ఆఫీసర్‌నని చెట్లకు తెలియడానికి కొంత కాలం పట్టింది. కొన్నిటికి ఇప్పటికీ తెలియదు.

అడవిలో మంటలు అనగానే జనం ఫోన్లలో చూసిన విదేశీ వీడియోలు గుర్తు తెచ్చుకుంటారు. ఆకాశమంత మంట, పరుగెత్తే జంతువులు. మా దగ్గర అంత హంగామా ఉండదు. ఎండుటాకు మీద మోకాలెత్తు మంట, షికారుకు వచ్చినట్టు నేల మీద నడుచుకుంటూ పోతుంది. పెద్ద టేకుకు బెరడు నల్లబడుతుంది, అంతే. దాని పక్కనున్న రెండేళ్ళ మొక్కకు మాత్రం అక్కడితో సరి. ఏటా ఇలాగే కాలితే కొన్నాళ్ళకు అడవిలో ముసలి చెట్లు తప్ప పిల్లచెట్లు ఉండవు.

ఆ మంట దాటకుండా అడవిలో గీసే గీత పేరు ఫైర్ లైన్. మూడు నాలుగు మీటర్ల వెడల్పున ఆకంతా ఊడ్చి, కుప్ప చేసి, దగ్గరుండి కాల్చేస్తాం. తినడానికి ఏమీ దొరక్క మంట అక్కడ ఆగిపోవాలి. ఊడ్చినట్టు ఋజువుగా ‘ముందు’ ఒక ఫోటో, ‘తర్వాత’ ఒక ఫోటో యాప్‌లో పెట్టాలి. ఆ వారంలోగా మొత్తం అయిపోవాలని పైనుంచి ఒత్తిడి. నేను, మా ఫైర్ వాచర్ ఐలయ్య, నలుగురు కూలీలు. ఫైర్ వాచర్ అంటే ఎండాకాలం మంటల మీద కన్నేసి ఉంచే మనిషి. ఐలయ్య ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. నాకు ఏడు నెలలు. కాబట్టి సలహాలు నేనే ఇచ్చేవాణ్ణి.

మంగళవారం పొద్దున గుట్ట వాలులో ఊడుస్తుంటే ఇప్పపువ్వు ఏరుకుంటున్న కొమురమ్మ నడుం నిటారు చేసి మమ్మల్ని చూసింది. అరవై దాటిన మనిషి. అక్కడి రెండు ఇప్పచెట్లు ఆమె అత్త కాలం నుంచి ఆ ఇంటివని ఊరంతటికీ తెలుసు. కాగితం మీద మాత్రం సర్కారువి. ఎండాకాలం గడిచేది ఆ పువ్వుతోనే.

"ఏం సారూ, గిప్పుడే ఊడుస్తాన్రా? సగం ఆకు చెట్టు మీదనే ఉన్నది. బంతి లేవకముందే విస్తర్లు ఎత్తినట్టున్నది నీ పని."

"చెట్లకు సర్క్యులర్ పోయిందవ్వా. రేపటికల్లా రాలుస్తయి" అన్నాను.

కూలీలు నవ్వారు. నాకు అంతకంటే ఏం కావాలి?

ఇప్పపువ్వు ఏరేవాళ్ళలో కొందరు చెట్టు కింది ఆకుకు నిప్పు పెడతారు. నల్లటి నేల మీద తెల్లటి పువ్వు బాగా కనబడుతుంది. మా మంటల్లో చాలావాటికి మూలం అదే. కొమురమ్మ మాత్రం చీపురుతో ఊడ్చేది. బూడిద అంటిన పువ్వు ఆమెకు నచ్చదు. చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టుకుని చాయ్ మాత్రం కాచుకునేది. ఆ రోజు నాక్కూడా పోసింది. తాగాక పొయ్యిలో నీళ్ళు పోసి, కట్టెతో కలిపి, మళ్ళీ పోసి, బూడిద మీద చెయ్యి తిరగేసి పెట్టింది. అరచెయ్యి కాదు, వెనకవైపు.

"ఏందవ్వా, జ్వరం సూస్తానవా?"

"సల్లవడ్డదా లేదా సూస్తాన. గది నీ ఫోన్ల కనవడది గదా."

మధ్యాహ్నానికి చివరి కుప్ప కాల్చాం. అది ఒక పాత టేకు మోడును ఆనుకుని ఉంది. మంట ఆరాక ఐలయ్య మోడు పక్కన కూచుని ముక్కు ఎగబీల్చాడు.

"సారూ, మోడుల జర వేడున్నట్టున్నది. ఇంకో బిందె నీళ్ళు దెస్తా."

వాగు కిలోమీటరు దూరం. ఫోటో అప్పటికే అప్‌లోడ్ అయిపోయింది.

"మార్చి నెలల వేడి లేనిదేదో సూపియ్యి ఐలయ్యా" అన్నాను.

మళ్ళీ అందరూ నవ్వారు. ఐలయ్య కూడా నవ్వాడు. ఈ జోకు దయచేసి గుర్తుపెట్టుకోండి.

శుక్రవారం మధ్యాహ్నం గాలి లేచింది. మాకు ఉపగ్రహం నుంచి ఫోన్‌కు ఫైర్ అలర్ట్ వస్తుంది. అంతరిక్షం నుంచి వేడి కనిపెట్టి, ఫలానా చోట కాలుతోందని మెసేజ్ పంపే ఏర్పాటు. ఆ రోజు దానికంటే ముందు కొమురమ్మ మనవరాలి ఫోన్ వచ్చింది. నేను బండి మీద చేరేసరికి గుట్ట వాలంతా పొగ. ఊడ్చిన ఫైర్ లైన్ ఎక్కడుందో నాకే కనబడలేదు. మూడు రోజుల్లో టేకుచెట్లు మిగతా ఆకంతా దాని మీదే రాల్చాయి. సర్క్యులర్ అందినట్టుంది, కాస్త ఆలస్యంగా.

నాకంటే ముందే ఊరు వచ్చేసింది. మగవాళ్ళు పచ్చి మండలు విరిచి మంట అంచును బాదుతున్నారు. కొమురమ్మ పదిమంది ఆడవాళ్ళను వరసలో నిలబెట్టి, మంటకు ఎదురుగా యాభై అడుగుల దూరంలో చీపుర్లతో ఊడిపిస్తోంది.

"మన్ను కనవడాలె! వాకిలి ఊడ్వలేదాయే మీరెన్నడూ?"

"నువ్వు జరుగవ్వా, పొగ కమ్ముతాంది" అన్నాను దగ్గుతూ.

"నువ్వు జరుగు. కాళ్ళకడ్డం."

జరిగాను. గంటన్నరలో మంట ఆ కొత్త గీత దగ్గరకు వచ్చి, తినడానికి ఏమీ దొరక్క ఆరిపోయింది. కొమురమ్మ చెట్ల దగ్గర అంతకుముందే ఊడ్చి ఉన్న వలయం బయటే ఆగి, రెండుగా చీలి పక్కనుంచి వెళ్ళింది. కానీ మిగతావాళ్ళు ఏరుకునే ఎనిమిది ఇప్పచెట్ల కింద పువ్వంతా మాడిపోయింది. వాలు మీది పిల్ల టేకు మొత్తం పోయింది. అలర్ట్ అప్పుడొచ్చింది.

ఆ పొగలోనే నిలబడి నేను ఊరివాళ్ళకు ఒక ప్రసంగం చేశాను. అడవికి నిప్పు పెట్టడం ఎంత నేరమో, ఎన్ని పిల్లచెట్లు చచ్చిపోతాయో వివరంగా చెప్పాను. చేతులు బొబ్బలెక్కిన మనుషులు మర్యాదగా విన్నారు. ఒకాయన తల కూడా ఊపాడు.

మర్నాడు మా సెక్షన్ ఆఫీసర్ సమ్మయ్య సార్ వచ్చాడు. మంచి మనిషే, కానీ రిపోర్టు పంపాలి. ఫైర్ రిపోర్టులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. మామూలుగా అక్కడ ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని రాస్తాం. ఆ వ్యక్తులే మా జిల్లాలో అందరికంటే కష్టపడి పనిచేసేది. ఈసారి మాత్రం పైవాళ్ళు పేరు అడిగారు. సార్ వాలంతా తిరిగి మూడు రాళ్ళ పొయ్యి దగ్గర ఆగాడు.

"ఇది ఎవరిది?"

"కొమురమ్మది సార్."

"ఇంకేం మరి. నిప్పురవ్వ ఎగిరింటది. కేసు రాద్దాం. ఈ ఎండాకాలం అడవిల అడుగు పెట్టద్దని చెప్పు."

ఆమె బతుకు ఒక గడిలో పట్టేసింది. నాకు ఆ తిరగేసిన చెయ్యి గుర్తొచ్చింది. "సార్, సాయంత్రం దాకా ఆగండి" అన్నాను. ఆమె నిర్దోషి అని ఋజువు చేసి, కొంచెం వినయంగా మెప్పు పొందాలని కూడా ఉంది, అబద్ధమెందుకు.

మంట ఎటునుంచి వచ్చిందో చెప్పే గుర్తులు కొన్ని ఉంటాయి. ట్రైనింగ్‌లో చెప్పారు, నేను భోజనం మెనూ గురించి ఆలోచిస్తున్న రోజున. రాయికి మంట వచ్చినవైపు మసి పడుతుంది, వెనకవైపు శుభ్రంగా ఉంటుంది. చెట్టుకు గాలి పోయేవైపు నలుపు ఎత్తుగా ఎక్కుతుంది, వచ్చినవైపు తక్కువగా ఉంటుంది. మొదలైన చోటికి దగ్గరయ్యేకొద్దీ ఆ నలుపు చీలమండ దాకా దిగిపోతుంది. అప్పటికి మంట ఇంకా పసిది కాబట్టి.

ఐలయ్యా నేనూ రాయి రాయీ చూసుకుంటూ ఎదురు నడిచాం. కొమురమ్మ పొయ్యికి దూరంగా వెళ్తున్నకొద్దీ నాకు ఉత్సాహం పెరిగింది. ఐలయ్య మాటలు తగ్గాయి. ఒక చోట ఆగిపోయాడు.

"సారూ, ఇగ సాలు పోదాం పా."

"దొరికిండా దొంగ?"

ఐలయ్య గడ్డంతో ముందుకు చూపించాడు. ఎదురుగా మా మోడు ఉండాల్సిన చోట గుంత ఉంది. లోపల్లోపలే వేళ్ళ దాకా కాలి, వేళ్ళ ఆకారంలోనే నేలలో సొరంగాలు మిగిలాయి. మసి పడిన రాళ్ళన్నీ దాని వైపే ముఖం పెట్టి ఉన్నాయి. మూడు రోజులు ఆ మోడు నిప్పును కడుపులో దాచుకుంది. పైన ఆకు రాలింది, గాలి వీచింది. మిగతా పని ఆ ప్రసంగం చేసినవాడు అప్పటికే చేసి ఉన్నాడు.

సమ్మయ్య సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, ఎవరో తెలిసింది."

"ఎవరు?"

"నేనే సార్."

"ఏయ్, జోకులు బంద్ చెయ్. ఎవరు?"

బుద్ధి తెలిశాక మొదటిసారి నిజం చెబితే నమ్మే దిక్కు లేదు. సార్ వచ్చి గుంత చూశాడు. వాసన చూశాడు. రాళ్ళు తిప్పి చూశాడు. ఆ తర్వాత కండువాతో మొహం తుడుచుకుని గుంత అంచున కూచున్నాడు.

"ప్రొబేషన్‌ల ఉన్నవు గదరా."

"అవును సార్."

"గుర్తు తెలియని వ్యక్తులని రాద్దాం. ముసలామె పేరూ ఉండది, నీ పేరూ ఉండది."

అది నిజంగా దయతో అన్న మాట. నేను కూడా ఒక నిమిషం ఆ దయలో హాయిగా కూచున్నాను. కానీ పొయ్యి ఆమెదని సార్ అప్పటికే రేంజ్ ఆఫీసుకు ఫోన్‌లో చెప్పేశాడు, ఆ మాట మధ్యాహ్నానికే ఊళ్ళో పాకింది. గుర్తు తెలియని వ్యక్తులని రాస్తే కాగితం మీద ఎవరూ ఉండరు. ఊరి నోట్లో మాత్రం ఎనిమిది చెట్ల పువ్వు మాడ్చింది కొమురమ్మే అవుతుంది. గుర్తు తెలిసిన వ్యక్తిని నేను పొద్దున అద్దంలో చూశాను. గడిలో అదే రాశాను: ఫైర్ లైన్ కాల్చాక మోప్-అప్ సరిగా చేయలేదు. మోప్-అప్ అంటే మంట ఆరాక నిప్పు ఎక్కడా మిగలకుండా చల్లార్చడం. కింద నా పేరు. ఐలయ్య హెచ్చరించాడని కూడా రాశాను. నాకు మెమో వచ్చింది, ప్రొబేషన్ పొడిగించారు. ఉద్యోగం మిగిలింది. సమ్మయ్య సార్ నా తరఫున రెండు పేజీలు రాశాడని తర్వాతెప్పుడో తెలిసింది. ఆయన మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

రిపోర్టు రాసిన ఆ సాయంత్రమే ఊళ్ళో పదిమంది ఉన్నచోట నిలబడి చెప్పాను. జోకు వేయలేదు. నిన్న తల ఊపినాయన మళ్ళీ ఊపాడు, ఈసారి వేరే రకంగా. ఒకామె, పువ్వు మొత్తం పోయిన మనిషి, "నిన్న గంతసేపు మాకు నీతులు జెప్పితివి గదయ్యా" అంది.

చివరికి కొమురమ్మ లేచింది.

"సరే, అయ్యిందేదో అయ్యింది. పువ్వు పోయినోళ్ళు ఈ ఏడు నా చెట్ల కిందికి రాండ్రి, తలా ఇంత ఏరుకుందాం." నా వైపు తిరిగింది. "నువ్వు సుత రా. చీపురు దెచ్చుకో."

పదిహేను రోజులు తెల్లవారుజామున ఆమె చెట్ల కింద ఊడ్చాను. బాగా ఊడ్వడం రాదని రోజూ చెప్పేది. తొలకరికి ముందు ఊరివాళ్ళే వచ్చి కాలిన పిల్ల టేకును నేలమట్టానికి నరికారు. దాన్ని కట్‌బ్యాక్ అంటారు. పైన మాడినా వేరు బతికే ఉంటుంది, మొదలంటా కొట్టేస్తే కొత్త చిగురు నిటారుగా లేస్తుంది. వానలు పడ్డాక చూస్తే వాలంతా పళ్ళాలంత టేకాకులు. వాటిలో నేను చేసింది కాల్చడం వరకే.

మరుసటి ఏడు ఫైర్ లైన్ రెండుసార్లు ఊడ్చాం. గడువుకు ఒకసారి, కొమురమ్మ సరే అన్నాక ఇంకోసారి. చివరి కుప్ప ఆరాక వాగు నుంచి మూడు బిందెలు నేనే మోశాను. ఐలయ్య వద్దన్నా వినలేదు, ఆయన పెద్దగా వద్దనలేదు కూడా. బూడిద కలిపి, చెయ్యి తిరగేసి పెట్టాను. చల్లగానే ఉంది. అయినా నా చెయ్యి మీద నాకు నమ్మకం లేక కొమురమ్మను పిలిచాను. ఆమె వంగి, కుప్పకు నాలుగు వైపులా చెయ్యి ఆనించి చూసింది.

"సల్లగుంది. ఇగ కొట్టుకో నీ ఫోటో."

ఆమె చెయ్యి తీసేలోపే కొట్టి పంపాను. పది నిమిషాల్లో సమ్మయ్య సార్ ఫోన్.

"‘తర్వాత’ ఫోటోల ఆ గాజుల చెయ్యి ఎవరిదిరా?"

"మోప్-అప్ చెక్ చేసిన ఆఫీసర్‌ది సార్."

"మళ్ళ మొదలువెట్టినవా జోకులు?"

"లేదు సార్" అన్నాను. "ఇది రిపోర్టే."