ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

పోయిన నెల ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయినాడే" అంది. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేకపోయాం. గుండె ఆపరేషన్ అయ్యి ఇంటికి వచ్చాడు, వరండాలో మెల్లగా నడుస్తున్నాడు, ఉప్పు తగ్గించిన కూరలకు వంకలు పెడుతున్నాడు, ఇక గండం గడిచిందనే అనుకున్నాం. నిద్రలోనే పోయాడు.

మణికొండలోని వాళ్ల ఫ్లాటు ఆ రోజంతా జనంతో నిండిపోయింది. బావతో పనిచేసినవాళ్లు, అక్క దగ్గర చదువుకున్నవాళ్లు, పై అంతస్తుల వాళ్లు. మధ్యాహ్నం ఒక పెద్దాయన చేతికర్ర ఊతంతో వచ్చాడు. అక్కావాళ్లు ఎప్పుడో మాదాపూర్‌లో కిరాయికి ఉన్న ఇంటి యజమాని ఆయన. అక్క ఎదురుగా కూర్చుని, చేతికర్ర పక్కన ఆనించి, ఇలా అన్నాడు.

"మంచి మనిషమ్మా సారు. కంప్యూటర్ కొంటున్న, అండ్ల ఏది ఎక్కియ్యాలె అని అడిగితే, ముందుగాల మీ అమ్మను పిలువుమన్నడు. గసుంటి మనిషి మళ్ల యాడ దొరుకుతడు?"

అక్కడున్న కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కంప్యూటర్‌కూ ఆయన తల్లికీ సంబంధమేమిటో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. అక్కకు ఇంకా బాగా తెలుసు. ఈ నాలుగు మాటలూ అది చెప్పడానికే.

తొంభైల చివర్లో నేను డిగ్రీ పూర్తిచేసి, అనంతపురం నుంచి ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి, మాదాపూర్‌లో వాళ్లింట్లోనే దిగాను. విదేశీ డాక్టర్లు టేపుల్లో చెప్పింది విని టైపు చేసే ఆఫీసులో నా పని. బావ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామర్. సైబర్ టవర్స్ అప్పుడే లేచింది. దాని అద్దాలు సాయంత్రం ఎండకు మెరుస్తుంటే, చుట్టూ మాత్రం ఏనుగులంత బండరాళ్లూ, వాటి సందుల్లో మేకలూ. మా యజమాని ఇంటి పైపోర్షన్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు పెద్ద డాబా. ముందుగదిలో బావ విడిభాగాలు తెచ్చి స్వయంగా బిగించుకున్న కంప్యూటర్. అక్క దానికి పాత పట్టుచీర చింపి ముసుగు కుట్టింది. కింద వాటా పిల్లలు మెట్లెక్కి వచ్చి, ముసుగు తీసే క్షణం కోసం కాచుకుని ఉండేవాళ్లు.

ఇప్పుడు ఫోనైనా, కంప్యూటరైనా కొన్నప్పుడే దాన్ని నడిపే సరంజామా అంతా లోపల పెట్టుకుని వస్తుంది. దాని గురించి ఇంట్లో ఎవరూ వాదించుకోరు. మా ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో వాదన అదే, కంప్యూటర్‌ను ఏ సాఫ్ట్‌వేర్ నడపాలని. అక్కకు విండోస్ కావాలి. బావకు లినక్స్ కావాలి. ఆఫీసులో అలాంటిదాని మీదే పనిచేసేవాడు. ఏదో కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన లినక్స్ సీడీని బీరువాలో, అక్క నగల పెట్టె పక్కన దాచుకున్నాడు.

ఆదివారం పొద్దున బొరుగుల ఉగ్గాని తింటూ మొదలుపెట్టేవాడు.

"విండోస్ అయితే పని మధ్యలో బిగుసుకుపోతాది. దీనికి ఆ బాధ లేదు. నెలంతా ఆపకుండా నడిపినా అలుపు రాదు."

"నెలంతా మనింట్లో కరెంటు ఉంటే గదా" అనేది అక్క.

"ఊరికే ఇస్తారు. లోపల ఏముండాదో మనమే చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు."

"లోపల ఏముంటే నాకేంటికి? ప్రింటర్ పనిచేస్తుందా?"

"కొంచెం తంటాలు పడల్ల."

"పాటలు వినపడతాయా?"

"ఆ సౌండ్ కార్డు సంగతే కనుక్కుంటాండా."

"సరే. తెలుగు వస్తుందా?"

అక్కడ బావ నీళ్లు నమిలేవాడు. "వస్తాది. రేపో మాపో ఎవరో ఒకరు చేస్తారు."

"వచ్చిన రోజు చూద్దాం. నేను ఇయ్యాల రాసుకోవల్ల."

ఆమె రాసుకుంటున్నది ఎం.ఫిల్. సిద్ధాంత గ్రంథం. మాదాపూర్ నుంచి శేరిలింగంపల్లి దాకా బండలు కొట్టి బతికే కుటుంబాల వాళ్ల మాటల మీద. పనిముట్లకూ, రాళ్లలో రకాలకూ, దెబ్బ వేసే తీరుకూ వాళ్ల దగ్గర ఉన్న పేర్లు ఏ నిఘంటువులోనూ లేవని కనిపెట్టింది. ఆ రాళ్లు అయిపోతే ఆ మాటలూ పోతాయని ఆమె తొందర. టేప్ రికార్డర్ భుజాన వేసుకుని ఎండలో వాళ్ల గుడిసెల చుట్టూ తిరిగేది. ఇంటికి వచ్చి నేరుగా కంప్యూటర్ మీదే చాప్టర్లు రాసేది. విండోస్‌లో తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. ఏ మీట నొక్కితే ఏ ఒత్తు వస్తుందో ఆమె వేళ్లకు బాగా పట్టుబడింది. గ్రంథం ఇవ్వాల్సిన గడువు దగ్గరపడుతోంది.

అప్పుడు జరిగింది అది.

ఒక ఆదివారం బావకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. డిస్కును రెండు భాగాలు చేస్తే ఒకదాంట్లో అక్క విండోస్, ఇంకోదాంట్లో తన లినక్స్. ఎవరి కాపురం వాళ్లది, గొడవే ఉండదు.

"నా చాప్టర్లు భద్రమే గదా?" అంది అక్క వంటింట్లోంచి.

"ఏం కాదులే. వాటి జోలికే పోను."

కాసేపటికి టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. నేను వెళ్లి చూస్తే బావ కుర్చీలో వెనక్కి వాలి, తెర వంక చూస్తున్నాడు. ఖాళీ భాగం అనుకుని మొత్తం డిస్కునే తుడిచేశాడు. అక్క ఫ్లాపీల్లో కొంత దాచుకుంది. అవి పెట్టి చూస్తే ఒకటి తెరుచుకోలేదు, ఇంకొకదాంట్లో ఎప్పటిదో పాత ముక్క ఉంది. అంతే. తక్కినదంతా పోయింది.

అక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేతులు తుడుచుకుని వచ్చి తెర వంక చూసి, మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది. బావ వెనకే వెళ్లి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. అక్క తల తిప్పకుండానే అంది.

"ఏది గొప్పదో, ఏది కాదో ఇన్నాళ్లూ చూసినారు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటాండారో ఒక్కరోజన్నా చూసినారా?"

తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో మాటలు లేవు. అక్క అన్నం వడ్డించేది, బావ తినేవాడు. నన్ను మధ్యలో పెట్టి "మీ బావకు చారు కావాలేమో అడుగు" అనేది. నేను అడిగేలోపే బావ "చాలమ్మా" అనేవాడు. చదువు మానేస్తానని అక్క నాతో అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఏడవలేదు. అందుకే నాకు మరీ భయం వేసింది.

ఒక రోజు బావ ఆఫీసుకు సెలవు పెట్టి, యూనివర్సిటీకి ఒంటరిగా బయల్దేరాడు. అది చూసి అక్క కూడా చెప్పులేసుకుంది. అక్కడ ఏం జరిగిందో తర్వాత అక్కే చెప్పింది. గైడు మేడం ముందు బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడట.

"తప్పు ఈమెది కాదు మేడం, నాది. కొంచెం గడువు ఇప్పించండి. నేనే మళ్లీ టైపు చేసి ఇస్తా."

ఆమె కళ్లద్దాలు తీసి చూసిందట. "టైపు చేస్తే వచ్చేస్తుందా అండీ? అది ఆలోచించి రాసింది ఆవిడ కదా?"

అయినా గడువు మాత్రం దొరికింది.

అక్క గుడిసెల దగ్గర రికార్డు చేసిన క్యాసెట్లు మిగిలి ఉన్నాయి. బావ విండోస్ తిరిగి ఎక్కించి, అక్క తెలుగు సాఫ్ట్‌వేర్ పెట్టి, తెల్లవారగానే లేచి వాటి ముందు కూర్చునేవాడు. తెలుగు టైపు రాదు. రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొట్టేవాడు. మా ఆఫీసులో చేసే పద్ధతి నేనే నేర్పాను. నాలుగు మాటలు విని టేపు ఆపడం, అవి టైపు చేశాక మళ్లీ నొక్కడం. అసలు చిక్కు అది కాదు. హైదరాబాద్ వచ్చినా బావకు ఆఫీసు ఇంగ్లీషు తప్ప ఈ ఊరి మాట చెవిన పడింది తక్కువ. టేపులో ఒకామె "జర ఆగు బిడ్డా" అంటే, "జ్వరం ఆగు బిడ్డా" అని కొట్టాడు. అర్థం కాక కాగితం పట్టుకుని కిందికి వెళ్లాడు. మా యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"జరమొచ్చుడు కాదు సార్! జర అంటే కొద్దిగ. నీకు పరేషాన్ ఎందుకు, టేపు ఇటు తే, నేను ఇంట."

అలా పొద్దున పూట టేపు రికార్డర్ కింది వరండాకు దిగింది. యజమాని వినేవాడు, చెప్పేవాడు, బావ రాసుకుని పైకెక్కి టైపు చేసేవాడు. అక్క చూస్తూ పక్కనుంచి వెళ్లిపోయేది. ఒకసారి మాత్రం తప్పు కనబడితే ఓర్చుకోలేక, ఆగి, వేలు పెట్టి చూపించి వెళ్లింది.

ఆ తర్వాత ఒక ఉదయం బావ పైన ముందుగదిలో వింటున్న టేపు ఆపి, వంటింటి వైపు తిరిగి నిజంగానే అడిగాడు. "ఏమ్మే, ఇక్కడ ఈమె నవ్వింది. దీన్ని ఎట్ల టైపు చేయల్ల?"

అక్క వంటింట్లోంచి వచ్చింది. టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. సుత్తి దెబ్బల మధ్య ఎవరో ఒకామె పగలబడి నవ్వుతోంది, ఎందుకో కూడా తెలియదు. అది వింటూ అక్క నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని స్టూలు లాక్కుని బావ పక్కన కూర్చుంది. ఆ రోజు ఉగ్గాని మాడిపోయింది. నేను ఆ మాడిందే తిన్నాను.

అక్కడి నుంచి పని సాగింది. అతను టేపు మాటలు టైపు చేసేవాడు, ఆమె వాటి మీద చాప్టర్లు మళ్లీ రాసేది. మొదటిసారి తను రాసిందాంట్లో తన మాటలే ఎక్కువని, ఇప్పుడు వాళ్ల గొంతులు మళ్లీ మొదటి నుంచి విన్నాక వాళ్ల మాటలకు చోటు పెరిగిందని అక్క తర్వాత అనేది. "అయినా, అందుకని మీరు చేసింది మంచిపని కాదు" అని వెంటనే చేర్చేది. "నేనట్ల అన్లేదే" అనేవాడు బావ.

మనిషిలో వచ్చిన మార్పు నేను చూసింది ఆ తర్వాతే. తన లినక్స్‌ను వదులుకోలేదు. ఆఫీసు వాళ్లు పారేసిన పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, మంచం పక్కన పెట్టుకుని దాంట్లో నడుపుకున్నాడు. కానీ ఎవరైనా వచ్చి "ఇంటికి ఏది మంచిది, విండోసా, లినక్సా?" అని అడిగితే ఒకప్పటిలా ఉపన్యాసం మొదలుపెట్టేవాడు కాదు. "ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చెప్పండి" అనేవాడు.

మా యజమాని కంప్యూటర్ కొన్నప్పుడూ అదే అడిగాడు. ఆయన కొడుకు, కోడలు వచ్చి ఏం చేసుకుంటారో చెప్పారు. "మీ అమ్మను కూడా పిలవండి" అన్నాడు బావ యజమానితో. ఆ ముసలామె గడప దగ్గరే నిలబడిపోయింది.

"నాకెందుకు బిడ్డా గది? నాకేం దెలుస్తది?"

"పొద్దుపోకపోతే ఏం చేస్తారమ్మా?"

ఆమె కొడుకు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "ఏం జేస్త, పత్తాలాడుత" అంది.

విండోస్‌లో పేకాట ఉంది. బావ విండోస్ ఎక్కించి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మౌస్ మీద చేయి ఎలా పెట్టాలో చూపించాడు. తర్వాత్తర్వాత కంప్యూటర్ కోసం మనవళ్లు ఆమెతో కొట్లాడాల్సి వచ్చేది. అదే బావ, కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని అడిగిన తోటి ఉద్యోగి కూతురికి మాత్రం లినక్స్ పెట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, పాట కూనిరాగం తీస్తూ కాళ్లు కడుక్కున్నాడు. ఎవరి దాంట్లో చేయి పెట్టినా ముందు వాళ్ల ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించి, తెరిచి చూపించి, వాళ్ల చేత "ఉన్నాయి" అనిపించుకున్నాకే పని మొదలుపెట్టేవాడు.

అక్కకు డిగ్రీ వచ్చింది, కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చింది. మాదాపూర్ వదిలి మణికొండ చేరారు. కొన్నేళ్లకు లినక్స్‌లోనూ తెలుగు వచ్చింది. బావ ఆనందం పట్టలేక అక్కను కేకేశాడు. ఆమె వచ్చి, కూర్చుని, "సమ్మెట" అని టైపు చేసింది. ఒత్తు సరిగ్గా పడిందో లేదో వంగి చూసింది. "బాగుంది" అని లేచి తన కంప్యూటర్ దగ్గరికి వెళ్లిపోయింది. నేను బావ ముఖం వంక చూశాను, చిన్నబుచ్చుకున్నాడేమోనని. "ఒత్తు పడింది చూసినావా మరదలా?" అన్నాడు నాతో, మురిసిపోతూ.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది ఆస్పత్రి మంచం మీది బావ కాదు. గ్రంథం ఇవ్వడానికి ఇద్దరూ బయల్దేరిన ఉదయం. నేను డాబా మీద నిలబడి చూస్తున్నాను. అక్క స్కూటర్ వెనక కూర్చుంది. ఒళ్లో బైండు చేసిన ప్రతులు, వాటి చుట్టూ కొంగు. సందు చివర బండ పేల్చడానికి ఒకతను ఎర్ర జెండా అడ్డం పెట్టి బండ్లన్నీ ఆపాడు. బావ ఇంజన్ ఆపి, రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడ్డాడు. ఎక్కడో ధన్‌మంది. దుమ్ము లేచింది. అక్క ప్రతుల మీదికి వంగింది. బావ వెనక్కి తిరిగి, తన చేతిరుమాలు తీసి ఆమె తల మీద కప్పాడు. జెండా దిగింది. ముందున్న బండ్లన్నీ కదిలాయి. వెనక హారన్లు మోగుతున్నాయి. బావ మాత్రం ఆమె సర్దుకుని కూర్చునేదాకా స్కూటర్ స్టార్ట్ చెయ్యలేదు.