అయిదు కార్డుల ప్రాసెసర్‌ని ఏరి కొన్న వైనం

నాకు నడకకన్నా ముందు బేరం వచ్చిందంటారు. కిరాణా కొట్టులో పెరిగిన పుణ్యం. అలాంటివాణ్ణి బేరంతోనే ఒక కంప్యూటర్‌కి ప్రాణం తిరిగి రాకుండా చేశాను. నవ్వండి, కానీ మా శామ్యూల్ బావకు వినపడకుండా.

బావంటే మా ఆవిడ అన్నయ్య, స్టీలు ప్లాంటు ఉద్యోగి. ఉక్కునగరం క్వార్టర్లో ఆయన రెండు పాతకాలపు మినీ కంప్యూటర్లను మేపుతున్నాడు. మినీ అంటే జేబులో పట్టేది కాదండోయ్, పెద్దది బీరువా అంత! దాని ప్రాసెసర్ చచ్చింది. ఆదివారం చర్చి అయ్యాక తన షిఫ్టువాళ్ళంతా వస్తే దాన్ని నడిపి చూపిస్తానని బావ చాటేశాడు.

"రేవు కాడ అప్పలరాజు పాత సామాన్ల కొట్లో ప్రాసెసర్ ఉందట బావా. నాకు డ్యూటీ. నువ్వెళ్ళి తే," అని నన్ను పురమాయించాడు.

వెళ్ళాను. అప్పలరాజు భోజనం పళ్ళేలంత కార్డులు అయిదు ముందు పెట్టాడు.

"ఇందులో ప్రాసెసర్ ఏది?"

"అయిదూని బాబూ."

"నాను సెవిలో పువ్వెట్టుకొచ్చాననుకున్నావేటి? మా బావ చిన్న మిషన్లో ఒక్కటే కార్డు. కళ్ళారా చూశాను."

"అది తరవాతొచ్చిన మోడలు, అన్నీ ఒకదాన్లోనే కుక్కేశారు. ఇది ముందుది. ఒక కార్డు లెక్క కడతాది, ఒకటి ఏది ముందు సెయ్యాలో సెప్తాది, ఇంకోటి..."

"ఇంకోటి టీ పెడతాదేటి?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండానే అయిదు పెడుతున్నాడంటే నాలుగు అంటగడుతున్నట్టే కదా! వంకాయలు ఏరినట్టు ఏరి, చిప్పులు ఎక్కువున్న కార్డు ఒక్కటే అయిదో వంతు ధరకు తెచ్చాను.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది కూడికలు సేత్తాది బావా. ఏటి కూడాలో సెప్పేదేదీ?"

"అంటే ఇది ప్రాసెసర్ కాదా?"

"ప్రాసెసరే."

"మరి పనిసేత్తాదా?"

"సెయ్యదు."

నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అయిదూ ఉంటేగానీ నడవదని బావ తేల్చేసరికి, ఆ కార్డు పట్టుకుని మిగతా నాలుగింటికోసం శనివారం మళ్ళీ పరుగెత్తాను.

"ఇయ్యలేను బాబూ. హైదరాబాదోడొకడు పూర్తి సెట్టు అడుగుతన్నాడు. నీ ఒక్కటీ నాకిచ్చీ, కొన్నదానికి రెట్టింపిత్తాను," అన్నాడు అప్పలరాజు.

రెట్టింపు! నా కళ్ళముందు మిషన్ మాయమైంది, బావ మాయమయ్యాడు, ఆదివారం క్యాలెండర్లోంచే ఎగిరిపోయింది.

"మూడింతలు!" అన్నాను. ఆ నోరు నాది కాదు, ఏడు తరాల కొట్టువాళ్ళది. అతను ఒప్పుకున్నాడు. నేను ఇచ్చేశాను.

పందెంకోడిలా ఉక్కునగరం చేరి, నోట్లు బావ చేతిలో పెట్టాను. "మూడింతలు బావా, మూడింతలు!"

బావ నోట్లకేసి చూశాడు. మిషన్ తలుపు తీసి, ఖాళీ అరలు చూపించాడు.

"ఇవి ఏ స్లాటులో పెట్టమంటావు బావా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి ఇంట్లో మొహం దాచుకున్నాను. ఆదివారం వచ్చిన షిఫ్టువాళ్ళు మిషన్‌కి బదులు నన్ను చూసి వెళ్ళారు.

కాబట్టి సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎన్ని ముక్కలు కలిస్తే ఒక వస్తువో అడగకుండా ఇక ఏదీ కొనను. కొన్న ముక్కను ఎవరెంత ఇస్తానన్నా తిరిగి అమ్మను. నాలుగింతలిస్తే, అది వేరే సంగతి.