వెనక్కి తిప్పి చూసిన పిల్ల

మా తోడికోడలికి నాకన్నా బాగా పాఠం చెప్పడం రాదని ఇప్పటికీ నా నమ్మకం. ముంబయి కామాటిపురలో, వరుస గదుల మా చాల్ గ్యాలరీలో నేను ట్యూషన్ మొదలుపెట్టేనాటికి ఆమె ఇంకా ఈ ఇంటి కోడలే కాలేదు. అలాంటిది, మా గల్లీలోని ట్రస్టు వాళ్ళు ఏడో తరగతి లెక్కలు వీడియోలుగా తీస్తూ పాఠాలు మా ఇద్దరికీ చెరిసగం పంచారు. ఎవరి పాఠాలు పిల్లలకు నచ్చుతాయో చూసి, వచ్చే ఏడాదికి ఒక్కరినే ఉంచుకుంటామన్నారు. ఆ ఒక్కరూ నేనే కావాలి. పంతులమ్మనని తప్ప ఈ గల్లీలో నన్ను ఇంకెలాగూ ఎవరూ గుర్తుపట్టరు మరి.

ట్రస్టు మేడమ్ దగ్గర ఒక తెర ఉంది. పిల్లలు తమకిచ్చిన ట్యాబుల్లో ఏ వీడియో ఎంతవరకు చూశారో, ఎక్కడ ఆపారో, ఎక్కడ వెనక్కి తిప్పారో అందులో గీతలుగా కనబడుతుంది. సిగ్గుపడతారని పిల్లల పేర్లు మాత్రం రానివ్వరు. మొదటి నెల నా గీత పాఠం సగంలోనే కిందికి జారింది. తనది చివరిదాకా నిలబడింది. పుండు మీద కారం చల్లినట్టు, "అక్కా, నీది జర లంబా అయింది. పోరగాండ్లకు విసుగొచ్చిందేమో" అంది.

ఇక మధ్యాహ్నాలు ఏడో తరగతి చదివే మా అమ్మాయి బడికి వెళ్ళగానే, ట్రస్టు దానికిచ్చిన ట్యాబులో తోడికోడలి వీడియోలు ముందేసుకుని కూర్చునేదాన్ని. కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికే. చివరికి ఒక ఈక దొరికింది. భిన్నాన్ని భిన్నంతో భాగించేచోట, "రెండోదాన్ని తిరగేసి గుణించండి" అని గబగబా దాటేసింది. ఎందుకో చెప్పలేదు. నాకు పండగే. వెనక్కి తిప్పి విన్నాను, మళ్ళీ తిప్పాను, మళ్ళీ విన్నాను. వారమంతా అదే పని. ఏ పాటా నాకంత కమ్మగా వినబడలేదు.

తర్వాతి మీటింగులో తన గీత సరిగ్గా ఆ చోట నిట్టనిలువుగా లేచింది. ఎవరో ఒకే పిల్ల అక్కడ పదేపదే ఆగి వెనక్కి వెళుతోందని మేడమ్ చెప్పింది. నేను నేలచూపులు చూశాను. అయినా, దీని పని అయిపోయిందిలే అని లోలోపల సంబరమే. తిరిగొస్తుంటే తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది.

"గా పోరికి సమజ్ అయితలేదక్కా. అడగనీకి ఇంట్ల ఎవ్వరు లేరో ఏమో. నువ్వెట్ల చెప్తవు గది?"

"నేను గూడ గట్లనే చెప్త. రూల్ గది" అన్నాను. అబద్ధం కాదు, అదే నా ఖర్మ.

తను ఆ ముక్క మళ్ళీ తీసింది. సగం రొట్టె చేత్తో పట్టుకుని, కెమెరాలోకి చూస్తూ చెప్పింది. "ఇందుల పావు ముక్కలెన్ని ఉన్నయో చూడు బిడ్డా. రెండు. సగాన్ని పావుతోని భాగిస్తే రెండు ఎందుకొస్తదో ఇప్పుడు కనబడ్డదా? సమజ్ కాకుంటే మల్ల చూడు. సిగ్గుపడకు."

నాకు కనబడింది. ఇన్నేళ్ళు ట్యూషన్లు చెప్పి కూడా ఆ రొట్టె ముక్క నాకెందుకు తట్టలేదని ఒళ్ళు మండిపోయింది. ట్యాబు మూసేశాను. ఇక దాని జోలికి పోలేదు.

మేడమ్ తననే ఉంచుకుంది. గీత చూసి పాఠం మార్చుకున్న టీచరే మాకు కావాలంది. సాయంత్రం తోడికోడలు దూద్‌పేడాల డబ్బాతో మా గుమ్మంలోకి వచ్చింది. గొప్పలు చెప్పుకోవడానికే అనుకున్నాను. తను ఉద్యోగం ఊసే ఎత్తలేదు.

"అక్కా, గా పోరి ఇప్పుడు ఆడ ఆగుతలేదంట. మేడమ్ చెప్పింది. దానికి సమజైందక్కా" అంటూ నా నోట్లో పేడా పెట్టింది.