కాకినాడ సూర్యోదయం

మస్కట్ రూవిలో తమ ఇంటి టీవీకి తగిలించి ఉన్న పాత కంప్యూటర్ మళ్లీ పనిచేయాలని ఆంటీ కోరిక. కీబోర్డులోనే కంప్యూటరంతా ఇమిడిపోయిన కాలం నాటిది అది. ప్రోగ్రాములు క్యాసెట్లలో ఉండేవి. అందులో తిథులు చెప్పే ప్రోగ్రామును వాళ్లాయన సొంతంగా రాసుకున్నారు. ఆయన పోయాక కొన్నాళ్లకు టేపు నలిగి, అది కంప్యూటర్లోకి ఎక్కడం మానేసింది.

దాని కాపీ నా దగ్గర ఉంది. రుసైల్ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో నేను చేరిన కొత్తలో ఆయన అక్కడ ఇంజనీరు. ఖాళీ క్యాసెట్ తెచ్చిన ప్రతివాళ్లకూ ఊరికే కాపీ చేసి ఇచ్చేవారు. షరతు ఒక్కటే: తప్పు కనిపిస్తే సరిదిద్ది, ఆ కాపీ తనకు తెచ్చివ్వాలి. సరదాకి ప్రోగ్రాములు రాసేవాళ్లు అప్పట్లో అలాగే పంచుకునేవారు. నేను ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నది ఆ తిథుల లెక్కను వరుస వరుసా విప్పి చూసుకునే.

ఆంటీకి ఇచ్చే ముందు మా ఇంట్లోని అలాంటి మిషన్ మీదే పరీక్షించాను. అన్నిసార్లు చదివినా ఊరి అంకెను ఎప్పుడూ పట్టించుకోలేదు. రేఖాంశం 82 అని ఉంది. మస్కట్ 58 కదా. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యోదయంలో గంటన్నర పైనే తేడా. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి; అది ఆ మధ్యలో మారితే రోజే మారిపోతుంది. సరిదిద్దాను. ఆయన షరతు ఇన్నాళ్లకు నెరవేర్చానని తృప్తిగా అనిపించింది.

శుక్రవారం పొద్దున రూవి వెళ్లాను. టేప్ రికార్డర్ వాల్యూమ్ రెండు మూడుసార్లు సర్దాక ప్రోగ్రాము ఎక్కింది. ఇవాళే ఏకాదశి అని చూపించింది.

ఆంటీ ఉప్మా ప్లేటు చేత్తో పట్టుకుని తెర దగ్గరికి వచ్చి చూశారు.

“ఇది మా ఆయన ప్రోగ్రాము కాదయ్యా. పైన ఈ 58 ఏమిటి? ఆయనది 82 అని వచ్చేది.”

నేను అంకె సంగతి వివరంగా చెప్పాను. ఆవిడ నవ్వారు.

“తప్పు దొరికిందా? నీకు ముందు చాలామందికి దొరికింది. సరిచేసి తెచ్చేవాళ్లు. ఆయన థాంక్స్ చెప్పి బీరువాలో పడేసేవారు.”

కాకినాడలో ఆవిడ అక్క ఉంది. పెళ్లికి ముందు నుంచీ ఇద్దరూ ఒకేరోజు ఉపవాసం ఉంటారు. మస్కట్ వచ్చిన మొదటి సంవత్సరం లెక్క తేడా వచ్చి, ఆవిడ ఒక్కరే ఒకరోజు ముందు పస్తున్నారట. అక్క భోంచేస్తోందని తెలిసి రోజంతా ముభావంగా ఉన్నారట. ఆ తర్వాతే ఆయన కాకినాడ రేఖాంశం పెట్టి ఈ ప్రోగ్రాము రాశారు.

“అక్క దగ్గర క్యాలెండర్ ఉంటుంది కదా, ఆంటీ?”

“ఉంటుంది. అయినా నేను ఫోన్ చేసి చెప్పేదాకా చూడదు.”

నేను 58 తీసేసి 82 పెట్టాను. ఈసారి ఏకాదశి రేపని వచ్చింది. కొత్త క్యాసెట్ పెట్టి ఆ ప్రోగ్రామునే భద్రం చేశాను. టేపు తిరుగుతుండగానే ఆంటీ ఉప్మా నా ముందు పెట్టి, ఫోన్ అందుకున్నారు.

“రేపేనే అక్కా. ఇవాళ కడుపునిండా తిను.”